ఏ పేరు రాసుకోమంటారు?

శౌరి ఎవరని సంస్కృతం చదువుకున్నవాణ్ణి అడిగితే తడుముకోకుండా విష్ణుమూర్తి అంటాడు. అమరకోశంలో విష్ణువు పేర్ల వరసలో ఉన్న పేరే అది. అదే మాట గుంటూరు దగ్గర ఫిరంగిపురంలో అడిగితే వీధి చివర శౌరిరెడ్డి ఇల్లు చూపిస్తారు. ఆ ఇంటి శౌరి విష్ణువు కాడు, స్పెయిన్ దేశం నుంచి గోవాకు వచ్చిన ఫ్రాన్సిస్ జేవియర్. ఆ పేరు తమిళుల నోట సవేరియార్ అయింది, తెలుగువాళ్ల దగ్గరికి వచ్చేసరికి శౌరయ్యగా స్థిరపడింది. జోసఫ్ జోజి అయ్యాడు, ఇగ్నేషియస్ ఇన్నయ్య అయ్యాడు. మరియ పేరు పెట్టుకున్న మగపిల్లాడు మర్రెడ్డి అయ్యాడు. రాయప్ప అంటే పేతురు, ఎందుకంటే గ్రీకులో ఆ పేరుకు అర్థం రాయి. చిన్నప్ప అంటే పౌలు, లాటిన్లో ఆ పేరుకు అర్థం చిన్నవాడు. ఎవరు కూర్చుని ఆలోచించారో గానీ, ఇంత చక్కని అనువాదాలు విశ్వవిద్యాలయాల నిఘంటువుల్లో కూడా అరుదు.

ఆ పేర్లలో ఇంకో సంగతి కూడా ఉంది. జోజి వచ్చాడు, రెడ్డి మాత్రం పోలేదు. రెండూ కలిసి జోజిరెడ్డి అయ్యాయి. పేరు ముందు భాగం బాప్తిస్మానిది, వెనక భాగం ఊరిది. క్రీస్తును నమ్మినవాడు కొత్త మనిషి అవుతాడని ప్రతి ఆదివారం గుడిలో చెబుతారు. ఆ కొత్త మనిషి పాత మనిషిని ఎక్కడ దించి వచ్చాడు, దించాడా, దించాలా అనేవి అంత తేలిగ్గా తేలే ప్రశ్నలు కావు. తెలుగు నేలమీద వాటికి దొరికిన జవాబులు చాలామటుకు పేర్లలోనే దాక్కుని ఉన్నాయి.

ఏ పల్లె చర్చికైనా ఆదివారం పొద్దున వెళ్లి కూర్చుంటే పాటలయ్యాక పాస్టరుగారు సాక్ష్యం చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతారు. చాపమీద వెనక వరసలోంచి ఒకావిడ లేస్తుంది. కొంగు తలమీదికి లాక్కుని, మైకు అందుకుని, అలవాటు లేక దాన్ని మరీ నోటికి ఆనించి, అందరికీ వందనాలు చెబుతుంది. తరవాత ఆమె కథ వస్తుంది. తాగొచ్చే భర్త, ఎంతకీ తగ్గని బిడ్డ జ్వరం, వడ్డీ తడిసి మోపెడైన అప్పు. ఇవి తీరాయని కొన్నిసార్లు చెబుతుంది, తీరలేదని కొన్నిసార్లు చెబుతుంది. తీరకపోయినా ఆ సాక్ష్యం సాక్ష్యమే. ఎందుకంటే ఆమె చెప్పదలచుకున్నది చివర వస్తుంది: ఎందుకూ కొరగాని దాన్ననుకున్న తనను దేవుడు పేరుపెట్టి పిలిచాడని.

నగరాల్లో యువజన కూటాల్లో ఇదే సంగతి వేరే భాషలో వినిపిస్తుంది. తెరమీద పెద్ద అక్షరాలతో ఐడెంటిటీ అన్న మాట పడుతుంది. మార్కులు నీ ఐడెంటిటీ కాదు, ఉద్యోగం కాదు, ఇన్‌స్టాగ్రామ్ లైకులు కాదు, క్రీస్తే నీ ఐడెంటిటీ అని ప్రసంగీకుడు చెబుతాడు. మంచి మాటే. కానీ ఆ మాట వెనక ఒక ఊహ ఉంది. మనిషి ఒంటరిగా తన లోపలికి తాను చూసుకుని, అక్కడ పొరల కింద దాగిన అసలు తనను వెలికి తీస్తాడన్న ఊహ. పల్లె చర్చిలో కొంగు సర్దుకున్న ఆవిడ చెప్పింది అది కాదు. ఆమెను ఎవరో పిలిచారు, ఆమె పలికింది.

తెలుగు మాట ఆమె పక్షానే ఉంది. ఐడెంటిటీకి మనం గుర్తింపు అంటాం. గుర్తింపు అంటే ఎవరో గుర్తించడం. గుర్తించే ఇంకో మనిషి లేకుండా ఆ మాటే పుట్టదు. అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డా గుర్తింపు రాదు, ఎదురుగా ఎవరో ఉండాలి.

ఎదురుగా ఉన్నవాడు ఏమని పిలుస్తాడన్నది నూటయాభై ఏళ్ల కిందట ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెలో చిన్న సంగతి కాదు. డెబ్భై ఏళ్ల ముసలాయన్ను ఊరి పిల్లాడు ఒరే పుల్లిగా అనేవాడు. పుల్లయ్య అన్న పూర్తి పేరు ఆయన నోట తప్ప ఇంకెవరి నోటా వినపడేది కాదేమో. అలాంటి చోట ఎర్రగుంట్ల పేరయ్య అని ఒకాయన ఉండేవాడు. పేరులోనే పేరున్నవాడు. తోళ్ల వ్యాపారి, ఊళ్లు తిరిగే మనిషి. యోగమార్గంలో గురువుల దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసినవాడు. క్రీస్తు గురించి వ్యాపారం మీద తిరిగేటప్పుడు విన్నాడు. 1866లో ఒంగోలులో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు.

పేరయ్య కథను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకంలో రాసింది. ఆమె ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ రెండో భార్య. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి స్విట్జర్లాండులోని బెర్న్‌లో డాక్టరేట్ తీసుకున్న స్త్రీ, మాదిగల ఇళ్ల కథలు సేకరిస్తూ ఒంగోలులో కూర్చుంది. ఆ పుస్తకం చదివినవారికి ఒక భ్రమ తొలగిపోతుంది. దొరలు వచ్చేదాకా పల్లెలో మనుషులు ఏమీ తెలియక, ఏమీ అడక్క బతికారన్న భ్రమ. పేరయ్య లాంటివాళ్లు అప్పటికే వెతుకులాటలో ఉన్నారు. గురువులున్నారు, మంత్రాలున్నాయి, ఉపదేశాలున్నాయి. క్రీస్తు దగ్గరికి వాళ్లు ఖాళీ చేతులతో రాలేదు, వెతికి వెతికి వచ్చారు.

బాప్తిస్మం తీసుకున్నాక కూడా పేరయ్య పేరయ్యగానే ఉన్నాడు. మారిందల్లా ఆయన వారం. జాన్ క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. కాగితం మీద చిన్నవే. కానీ వెట్టికి పిలిస్తే వెళ్లాల్సిన మనిషి ఆదివారం రాను అనడం ఆ రోజుల్లో ఎంత పెద్ద మాటో ఆలోచించాలి. ఊరమ్మ జాతరలో డప్పు కొట్టాల్సిన మనిషి కొట్టను అనడం అంతకన్నా పెద్దది. ఊళ్లో ఆసాములు ఊరుకోలేదు. నీళ్లు బందు పెట్టారు, పనుల్లోకి పిలవడం మానారు, కొట్టారు. మూడో నియమం దేవుడికి సంబంధించింది, మొదటిది ఊరికి సంబంధించింది. దెబ్బలు మొదటిదాని కోసమూ తగిలాయి. వారంలో ఒక్క రోజు తన శరీరం తనది అని ఒక మనిషి అనుకోగలగడం కన్నా గట్టి గుర్తింపు ఏముంటుంది?

ఒంగోలులో పైకులాలవాళ్లు కొందరు కూడా మొదట్లో క్లౌ దగ్గరికి ఆసక్తిగా వచ్చేవారు. పల్లెవాళ్లను చేర్చుకుంటే మేం రాం అన్నారు. క్లౌ ఏం చెయ్యాలో తోచక బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక కంటపడింది. లోకం నీచులనుకున్నవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడన్న చోటు. పక్క గదిలో ఆయన మొదటి భార్య హారియెట్ విడిగా తెరిస్తే ఆమెకూ అదే చోటు వచ్చిందట. మిషన్ కథల్లో ఎన్నోసార్లు చెప్పుకున్న ఘట్టం ఇది. నమ్మేవాళ్లు దైవ సంకల్పం అంటారు, నమ్మనివాళ్లు యాదృచ్ఛికం అంటారు. ఏదైనా, వచ్చిన ఫలితం ఒకటే. ఒంగోలు బాప్టిస్టు సంఘం ప్రధానంగా మాదిగల సంఘం అయింది.

ఆ తరవాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలవ గట్ల మీదే పేరయ్య లాంటి బోధకులు మాట్లాడారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. గింజల కోసం చేరారన్న మాట పడకూడదని పదిహేను నెలలు ఆపాడు. సహాయం పనులు అయిపోయాక, ఇక తనవద్ద ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ రోజు నీళ్లలోకి దిగింది దొర కాదు. తెలుగు బోధకులు ఆరుగురు. ఒకసారికి ఇద్దరు చొప్పున నడుములోతులో నిలబడ్డారు, అలిసినప్పుడు ఇంకో ఇద్దరు దిగారు. పొద్దున మొదలుపెట్టి, ఎండ ముదిరాక ఆపి, మళ్లీ సాయంత్రం దాకా. ఊళ్లో ఎవరూ తాకని మనుషులు, ఆ మనుషుల్లోంచే వచ్చిన బోధకుడి చేతుల్లో వెనక్కి వాలి, ముక్కు మూసుకుని, నీళ్లలో మునిగి, ఇంకోసారి ఊపిరి పీల్చుకున్నారు. గింజల క్రైస్తవులన్న నింద ఆ పదిహేను నెలల జాగ్రత్తకు లొంగలేదు, ఇప్పటికీ వినిపిస్తుంది. అన్నం కోసం మనిషి పడే ఆరాటంలో ఆత్మకు చోటు లేదనుకునేవాళ్లు ఆకలి ఎరగనివాళ్లే అయివుంటారు.

ఉత్తరాన దోర్నకల్లులో ఇదే సంగతి ఇంకో రూపంలో జరిగింది. 1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య అక్కడ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయన. తమిళుడు, వచ్చి తెలుగువాళ్ల మధ్య బతికాడు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత ఆయన ఒక పని చేయించేవాడు. ఎవరి చెయ్యి వాళ్ల నెత్తిమీద పెట్టుకోవాలి. తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమేనని పైకి అనాలి. మన దగ్గర నెత్తిమీద చెయ్యి పెట్టుకోవడం ఒట్టు. పెద్దలు పెడితే ఆశీర్వాదం. రెండూ కలిసిన ఆ భంగిమలో ఒక కూలీ మనిషి నిలబడి ‘నేను’ అన్న మాటతో వాక్యం మొదలుపెట్టడం ఊహించుకోవాలి. జీవితమంతా ‘తమరి బాంచను’ లాంటి మాటలతోనే వాక్యాలు మొదలుపెట్టినవాడు.

1939లో ప్రతిష్ఠ చేసిన దోర్నకల్లు కెథడ్రల్ చూసినవారికి అజరయ్య మనసు తెలుస్తుంది. గుమ్మటాలు మసీదును గుర్తుచేస్తాయి, స్తంభాలు గుడిని గుర్తుచేస్తాయి. క్రైస్తవుడు కావడమంటే ఇంగ్లండువాడు కావడం కాదని రాతితో చెప్పిన మాట అది. ఇదే మాటను అంతకు ముందు శతాబ్దంలోనే పాటతో చెప్పినవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ముప్పయ్యో ఏట బాప్తిస్మం తీసుకుని, నూటికి పైగా కీర్తనలు రాశాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఈనాటికీ చాలా పాటల పైన రాగం, తాళం అచ్చువేస్తారు. పాడేవాళ్లలో ఎంతమందికి ఆ రాగం తెలుసు అన్నది వేరే సంగతి. విశేషమేమంటే ఆయన పేరు మార్చుకోలేదు. అమరకోశంలో శౌరి ఉన్న వరసలోనే ఉంటాడు పురుషోత్తముడు.

అందరికీ అలా కుదరలేదు. పురుషోత్తముడన్న పేరులో అవమానం లేదు గనక ఆయన ఉంచుకోగలిగాడు. పెంటయ్య, పుల్లిగాడు అని పిలిపించుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు కొత్త పేరు కొత్త బట్ట లాంటిది. దావీదు, దానియేలు, రూతమ్మ, ఎస్తేరమ్మ వచ్చారు. వాటికన్నా అందమైనవి అచ్చంగా ఇక్కడ పుట్టిన పేర్లు. కృపావరం, దేవదానం, ఆశీర్వాదం, సువార్తమ్మ, కరుణమ్మ, ఏసురత్నం, సమాధానం. ఈ చివరిది బయటివాళ్లకు వింతగా వినిపిస్తుంది. బడిలో సమాధానం అంటే ప్రశ్నకు జవాబు. తెలుగు బైబిల్లో సమాధానం అంటే శాంతి. సమాధానం అన్న పేరున్న పిల్లాణ్ణి, మరి ప్రశ్న ఎక్కడరా అని ఏడిపించని మాస్టారు ఉండడు.

కృపావరాన్ని పిలిచి చూడండి, ‘ఒరే కృపావరంగా’ అనడానికి నాలుక తిరగదు. సువార్తమ్మను పొట్టి చేసి తిట్టడం కష్టం. ఆ పేర్లు పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలిసే పెట్టారని అనుమానం. పల్లె లోపల ఒకరినొకరు పాస్టరమ్మగారూ, ఏసురత్నంగారూ అనుకోవడం మొదలైంది. ఊరు అనకపోయినా సంఘం అంది. గారు అన్న రెండక్షరాలు ఏ వేదాంతం చెయ్యలేని పని చేశాయి.

ఇక్కడిదాకా ఇది చక్కని కథ. బడి రిజిస్టరు దగ్గర చిక్కు పడుతుంది.

1950 ఆగస్టులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉండాలంటే హిందువై ఉండాలని దాని మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను, వాళ్ల పిల్లలను వెనకబడిన తరగతుల్లో సి గ్రూపుగా పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. షెడ్యూల్డ్ కులాల పదిహేను శాతం ఎక్కడ, ఈ ఒకటి ఎక్కడ? దాంతో బడిలో చేర్చే రోజున తండ్రి ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఇంట్లో విజయపాల్, రిజిస్టరులో వెంకటేశ్వర్లు. ఆదివారం ఒకడు, సోమవారం ఇంకొకడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమని 2011 జనాభా లెక్కలు చెప్పాయి. పల్లెపల్లెనా చర్చి కనిపించే కోస్తా జిల్లాల్లో తిరిగినవాళ్లు ఆ అంకె చూసి నవ్వుకుంటారు.

దీన్ని మోసం అని తేల్చేసేవాళ్లు సూసై కథ వినాలి. సూసై మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఆదిద్రావిడుడు, క్రైస్తవుడు. సూసై అంటే తమిళంలో జోసఫ్, మన జోజి అన్నమాట. షెడ్యూల్డ్ కులాల చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. అదే కులం, అదే పని, అదే రోడ్డు. సూసైకి మాత్రం రాలేదు, క్రైస్తవుడు గనక. సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, 1985లో ఓడిపోయాడు. మతం మారాక కూడా పాత అణచివేత అంతే తీవ్రంగా ఉందని రుజువులు చూపించలేదని కోర్టు అంది. చర్చి చెప్పే మాట ఒకటుంది, క్రీస్తులో కులం లేదని. ఆ మాటను ఈ దేశంలో అక్షరాలా నమ్మింది చట్టం ఒక్కటే. పల్లె నమ్మలేదు. ఊరు నమ్మలేదు. నిజం చెప్పాలంటే చర్చి కూడా నమ్మలేదు.

నమ్మి ఉంటే లూథరన్లు ఎక్కువగా మాలలు, బాప్టిస్టులు ఎక్కువగా మాదిగలు అన్న లెక్క ఇంతకాలం నిలిచేది కాదు. పెళ్లి ప్రకటనల్లో క్రైస్తవ వరుడు కావలెను అన్న మాట పక్కన కులం పేరు కనిపించేది కాదు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచి తిన్నవాళ్లు వియ్యం దగ్గర విడివిడి విస్తళ్లు వేసుకుంటారు. గిడ్ల సుజాత 2017లో ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ అని కుటుంబ చరిత్ర రాసింది. న్యూయార్కు సబ్‌వేలో కండక్టరుగా పనిచేసిన తెలుగు రచయిత్రి. చిన్నప్పుడు తన దృష్టిలో క్రైస్తవులన్నా అంటరానివాళ్లన్నా ఒకటేనని అందులో చెబుతుంది. చుట్టూ కనిపించిన క్రైస్తవులంతా అంటరానివాళ్లే అయినప్పుడు పిల్లకు అలా అనిపించడంలో తప్పేముంది? ఒక తరం పాత ముద్ర చెరుపుకోవడానికి తీసుకున్న పేరే మూడో తరానికి ముద్ర అయింది.

రెండు పేర్లతో బతకడం అబద్ధం అనుకునేవాళ్లు బైబిలు కొంచెం నిదానంగా చదవాలి. సౌలు మారుమనస్సు పొంది పౌలు అయ్యాడని ప్రసంగాల్లో తరచు వింటాం. అపొస్తలుల కార్యాల్లో అలా లేదు. దమస్కు దారిలో వెలుగు చూసింది తొమ్మిదో అధ్యాయంలో. ఆ తరవాత కూడా చాలాకాలం అతను సౌలే. పదమూడో అధ్యాయంలో, పనిమీద రోమన్ల మధ్యకు వెళ్లినప్పుడు, ఇతనికి పౌలు అని కూడా పేరుందని మాటవరసకు చెప్పినట్టు వస్తుంది. యూదుల మధ్య ఒక పేరు, రోమన్ల మధ్య ఇంకో పేరు. ఇంట్లో విజయపాల్, రిజిస్టరులో వెంకటేశ్వర్లు అన్న పద్ధతి అంత కొత్తదేం కాదు.

యాకోబు కథ ఇంకా లోతైనది. చూపు పోయిన తండ్రి నువ్వెవరు అని అడిగితే ఏశావును అని అబద్ధమాడి ఆశీర్వాదం కాజేస్తాడు. ఆ తరవాత మామ ఇంట ఇరవై ఏళ్లు చాకిరీ. తిరిగి వస్తూ యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా ఎవరితోనో పెనుగులాడితే, ఆ ఎవరో తెల్లవారుజామున మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడు, నీ పేరేమిటని. ఈసారి యాకోబు నిజం చెబుతాడు. మోసగాడన్న అర్థం అంటిపెట్టుకున్న తన పాత పేరే చెబుతాడు. అది చెప్పాకే కొత్త పేరు వస్తుంది. వచ్చాక కూడా ఆ గ్రంథం అతన్ని పాత పేరుతో పిలవడం మానదు. తొడ జారి కుంటుతూ ఏశావు ఎదటికి నడుస్తాడు.

తెలుగులో ఇలా కుంటుతూ, తలెత్తుకుని నడిచినవాడు గుర్రం జాషువ. 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి గొల్ల, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. బడిలో కులం పేరుతో అవమానాలు పడ్డాడు. మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పే పని చేశాడు, గుంటూరులో లూథరన్ మిషన్ బడిలో పంతులుగా పనిచేశాడు. సంస్కృతం, పురాణాలు పట్టుబట్టి నేర్చుకున్నాడు. అందుకు అటు పండితులు ఈసడించారు, ఇటు సొంత క్రైస్తవులు ఆక్షేపించారు. యెహోషువ పేరు పెట్టుకున్నవాడు 1941లో ‘గబ్బిలం’ రాస్తే సందేశం వెళ్లింది యెరూషలేముకు కాదు, కాశీ విశ్వనాథుడికి. గుడిలోకి తాను వెళ్లలేడు, తలకిందులుగా వేలాడే గబ్బిలం వెళ్లగలదు. అంతకుముందే పారశీక కవి మీద ‘పిరదౌసి’ రాశాడు. ఆ చేత్తోనే తరవాత ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాడు. మేఘం చేత కాళిదాసు చేయించిన పనిని గబ్బిలం చేత చేయించిన కవి పాదానికి చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గండపెండేరం తొడిగాడు.

జాషువ క్రైస్తవుడా, దళితుడా, విశ్వకవా అని పరీక్షల్లో వ్యాసాలు రాయిస్తుంటారు. ఆయన ఆ మూడింటిలో ఒకటి ఎంచుకున్నట్టు కనపడదు. క్రీస్తు చరిత్ర రాసిన గుండె, గబ్బిలాన్ని కాశీకి పంపిన గుండె ఒకటే. తనను చర్చి పిలిచిన పేరుతోనే సంతకం చేశాడు, ఊరు పిలిచిన పేరు మీద పద్యాలు రాశాడు.

ఒంగోలు దగ్గరికే మళ్లీ రావాలి. గుండ్లకమ్మలో రెండువేలమంది మునిగిన జులై నెలలోనే, 116 ఏళ్ల తరవాత, 1994 జులై 7న అదే ప్రకాశం జిల్లాలోని ఈదుముడిలో మాదిగ దండోర ఉద్యమం పుట్టింది. పేరు చివర మాదిగ అని రాసుకోవడం అప్పుడు మొదలైంది. చేతిలో పట్టుకున్నది డప్పు. ముత్తాతలు క్రీస్తును నమ్ముకుని, దెబ్బలు తిని, కింద పెట్టిన డప్పును మునిమనవలు ఎత్తుకున్నారు. వాళ్లలో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు లేకపోలేదు. దీన్ని చూసి పాత విశ్వాసం ఓడిపోయిందని కొందరు పాస్టర్లు బాధపడ్డారు, మతం మత్తు వదిలిందని కొందరు మేధావులు సంబరపడ్డారు. ఇద్దరిదీ తొందరపాటే అనిపిస్తుంది. జాతరలో కొట్టమంటే కొట్టాల్సి వచ్చిన డప్పు వేరు, కొట్టాలనిపించి కొట్టిన డప్పు వేరు. మొదటిదాన్ని కొట్టను అనగలిగినవాడి మునిమనవడికే రెండోదాన్ని ఎత్తుకునే సత్తువ వచ్చి ఉండొచ్చు. పేరయ్య ఆదివారం పనికి రాను అన్న రోజున ఏదో మొదలైంది. అది చర్చి గేటు దగ్గర ఆగిపోలేదు.

2027 జనాభా లెక్కల్లో అందరి కులమూ రాస్తామని కేంద్రం ప్రకటించింది. లెక్కలు రాసే పంతులమ్మ పల్లెలో రేకుల ఇంటి ముందు ఆగుతుంది. చెమట తుడుచుకుని మంచినీళ్లు అడుగుతుంది. పేరు, మతం, కులం అంటూ ఒక్కొక్కటే అడగడం మొదలుపెడుతుంది. లోపల గోడమీద పోయినేడాది క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతూ ఉంటుంది. పక్కనే కొడుకు డిగ్రీ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి పెట్టి ఉంటుంది. అరుగుమీద కూర్చున్న సువార్తమ్మ కొడుకు వైపు చూస్తుంది, కొడుకు నేలవైపు చూస్తాడు. పంతులమ్మ ఇంకోసారి అడుగుతుంది, పేరేంటి మామ్మా అని. సువార్తమ్మ చెంబు ఆమె చేతికిచ్చి అంటుంది:

“ఏ పేరు కావాలమ్మా? కాయితంలోదా, నన్ను పిలిచేదా?”